బీసీఎం పోయిందన్నారా? ముందు నీళ్లెక్కణ్ణుంచి దిగాయో చూడండి

మీ సమస్యని ముందు నాకు అర్థమైనట్టు చెప్తాను. 2017 మోడల్ పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. విశాఖ ఎంవీపీ కాలనీలో ఇంటి ముందు బాదం చెట్టు కింద ఉంటుంది. అక్టోబరు వానలు పడ్డప్పట్నించీ ఇండికేటర్లు వాటంతటవే కొట్టుకుంటున్నాయి, రాత్రిళ్లు సెంట్రల్ లాక్ టకటకమంటోంది, ముట్టుకోకుండానే వైపర్లు తిరుగుతున్నాయి. రెండుసార్లు పొద్దున్నే సెల్ఫ్ తీసుకోలేదు. మధ్యాహ్నానికి చాలావరకు సర్దుకుంటోంది. సర్వీస్ సెంటర్‌లో బీసీఎం (లైట్లు, వైపర్లు, లాకులు నడిపే కంప్యూటరు పెట్టె) పోయింది, కొత్తది వేస్తే పనితో కలిపి రూ.30 వేలు దాటుతుందన్నారు. ఆటోనగర్‌లో ఒకాయన పాతది రూ.6 వేలకి తెచ్చి పెట్టేస్తానన్నాడు. ఏది చెయ్యమంటారు అని అడిగారు.

ఇప్పటికిప్పుడు రెండూ వద్దు. బీసీఎం పాడవలేదని నేననను, అయ్యుండొచ్చు. కానీ మీరు చెప్పినవన్నీ కలిపి చూస్తే నా అనుమానం ముందు నీళ్ల మీదికి పోతుంది, తర్వాత ఎర్త్ (కరెంటు బండి బాడీ గుండా బ్యాటరీ నెగెటివ్‌కి తిరిగెళ్లే దారి) మీదికి, ఆ తర్వాత బ్యాటరీ మీదికి. బీసీఎం వంతు వీటి తర్వాతే. ఒకవేళ అదే పోయినా, దాన్ని పాడుచేసింది నీళ్లయితే ఆ దారి మూయకుండా కొత్తది బిగించడం అంటే రూ.30 వేలు వచ్చే వానాకాలం దాకా అద్దెకిచ్చినట్టే.

బీసీఎం అంటే బాడీ కంట్రోల్ మాడ్యూల్. మారుతి 800 రోజుల్లో లైటు స్విచ్ వేస్తే కరెంటు ఆ స్విచ్ గుండానో, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్) గుండానో నేరుగా బల్బుకి పోయేది. ఇప్పటి బళ్లలో స్విచ్ చేసేది కబురు పంపడమే. ఆ కబురు బీసీఎంకి చేరుతుంది, అది ఆలోచించి లోపలున్న ఎలక్ట్రానిక్ స్విచ్ ద్వారా బల్బుకి కరెంటు వదుల్తుంది. ఇండికేటర్లు, వైపర్లు, హారన్, సెంట్రల్ లాక్, లోపలి లైట్లు, వెనకద్దం హీటరు, చాలా మోడళ్లలో పవర్ విండోలు, కొన్నిట్లో ఇమ్మొబిలైజర్ (సరైన తాళంచెవి కాకపోతే బండి స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) కూడా దాని పెత్తనం కిందే. కాబట్టి వీటిలో ఒకేసారి నాలుగు పిచ్చిగా ఆడితే ఎవరికైనా ముందు బీసీఎం పేరే నోట్లోకి వస్తుంది. తప్పు పట్టను. కాకపోతే దానికి లోపలికొచ్చే కబురే తప్పుగా వస్తుంటే అదేం చేస్తుంది? స్టీరింగ్ పక్కనుండే వైపర్ స్విచ్ కాడ నుంచి "తిప్పు" అని కబురొస్తే తిప్పుతుంది. ఆ కబురు మీరు పంపారా, కప్లర్‌లో (వైర్లని కలిపే ప్లాస్టిక్ ప్లగ్గులో) చేరిన నీళ్లు పంపాయా అన్నది దానికి తెలియదు.

ఇక్కడ ఒక సంగతి చాలామంది మెకానిక్కులు పట్టించుకోరు. ఎన్నో బళ్లలో వైపర్ కాడ నుంచి ఒక్కో స్థానానికి ఒక్కో వైరు రాదు. ఒకే వైరు మీద వేర్వేరు రెసిస్టర్లు ఉంటాయి. ఇంటర్మిటెంట్‌కి ఒక వోల్టేజి, స్లోకి ఒకటి, ఫాస్ట్‌కి ఇంకొకటి. బీసీఎం ఆ వోల్టేజి చూసి కాడ ఎక్కడుందో లెక్క కట్టుకుంటుంది. కప్లర్ పిన్నుల మధ్య కాస్త తడి చేరి కొంచెం కరెంటు కారినా ఆ వోల్టేజి మారిపోతుంది. ఆఫ్‌లో ఉన్న కాడ స్లోలో ఉన్నట్టు కనిపిస్తుంది. బీసీఎం నిక్షేపంగా ఉన్నా వైపర్లు తిరుగుతాయి.

మీరు రాసినదాంట్లో నాకు అన్నిటికంటే పనికొచ్చిన మాట "మధ్యాహ్నానికి సర్దుకుంటోంది" అన్నది. మన విశాఖలో ఇది నేను ఏటా చూసే ముచ్చటే. వట్టి వాన నీరైతే ఒకసారి ఆరాక చాలావరకు ఊరుకుంటుంది. ఇక్కడ గాలిలోనే ఉప్పుంది. బీచ్ రోడ్డు, లాసన్స్ బే, రుషికొండ, భీమిలి వైపు తిరిగే బళ్లకి మరీను. ఆ ఉప్పు నీళ్లతో కలిసి కప్లర్లలోకి దిగి, నీరు ఆరినా అక్కడే పొరలా ఉండిపోతుంది. వానాకాలంలో వంటింట్లో మూత పెట్టని ఉప్పు డబ్బా నీరు కారినట్టే ఆ పొర కూడా రాత్రి తేమని పీల్చుకుని చెమరుస్తుంది. తడిసిన ఉప్పులోంచి కరెంటు బాగా పారుతుంది. ఎండెక్కాక ఆరుతుంది, బండి బుద్ధిగా ఉంటుంది. మీరు సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లేసరికి పదకొండు అవుతుంది, అక్కడ వాళ్లకి ఏమీ కనిపించదు. లోపలి చిప్పు నిజంగా కాలిపోతే ఉదయం, మధ్యాహ్నం అని తేడా చూపించడం అరుదు.

కాబట్టి మొదటి పని నీళ్ల వేట. ముందు సీట్ల కింద కార్పెట్ పైపైన తడిమి పొడిగా ఉందనుకోకండి. అంచు లేపి అడుగునున్న స్పాంజి పొరని పిండి చూడండి. పైన ఎండిపోయి కింద చెరువులా ఉండటం మామూలు. తర్వాత రెండు వైపులా కాళ్ల దగ్గర పక్కన ఉండే ప్లాస్టిక్ పలకలు ఊడదీసి టార్చి వేసి చూడండి. చాలా బళ్లలో బీసీఎం డ్రైవర్ వైపు డ్యాష్‌బోర్డు కింద ఫ్యూజు పెట్టె వెనక ఉంటుంది, కొన్నిట్లో గ్లవ్ బాక్స్ వెనక. వైర్ల కట్ట మీద నీటి చారలు, మట్టి మరకలు, కప్లర్ల దగ్గర పచ్చటి చిలుం కనిపిస్తే సగం కథ తేలిపోయినట్టే.

నీరు దిగే దారులు కొన్నే. మీ బండి బాదం చెట్టు కింద ఉంటుంది కాబట్టి నేనైతే మొదట బానెట్ ఎత్తి, ముందు అద్దం అడుగునున్న నల్ల ప్లాస్టిక్ పలక కింద చూస్తాను. వాన నీరు అక్కడ చేరి రెండు మూలల్లోని రంధ్రాల గుండా కిందకి పోవాలి. బాదం ఆకు ఒక్కటి అడ్డుపడితే చాలు, ఆ తొట్టి నిండి ఏసీ గాలి పీల్చుకునే సందులోంచో, వైర్లు ఇంజిన్ వైపు నుంచి లోపలికొచ్చే రబ్బరు బూటు లోంచో క్యాబిన్‌లోకి పొర్లుతుంది. రెండోది ముందు అద్దం. ఎప్పుడైనా మార్పించారా? మార్పిస్తే అంటు సరిగా పట్టని చోట నీరు లోపలి పిల్లర్ వెంబడి దిగుతుంది. మూడోది సన్‌రూఫ్ ఉంటే దాని డ్రైన్ గొట్టాలు. నాలుగోది ఏసీ నీళ్ల గొట్టం. అది మూసుకుంటే నీరు ఎడమ వైపు కాళ్ల దగ్గర చేరుతుంది, కానీ అది వానతో సంబంధం లేకుండా ఎండాకాలంలో ఎక్కువ అవుతుంది. మీది వానలతో మొదలైంది కాబట్టి దాన్ని చివర్లో చూడొచ్చు.

కనిపెట్టే పద్ధతి సులువే, ఓపిక కావాలి. కార్పెట్ కింద, పిల్లర్ల మొదట్లో పాత దినపత్రికలు పరవండి. ఒకరు లోపల టార్చితో కూర్చోవాలి. బయట నుంచి ఇంకొకరు పైపుతో సన్నటి ధారగా, కింద నుంచి మొదలుపెట్టి పైకి పోతూ నీళ్లు పట్టాలి. ముందు బానెట్ అంచు, తర్వాత అద్దం అడుగు, తర్వాత అద్దం పక్కలు, ఆఖరున రూఫ్. పై నుంచి మొదలెడితే అంతా తడిసి నీళ్లెక్కడివో తెలిసి చావదు. ప్రెజర్ పంపు మాత్రం వాడొద్దు, మామూలు వానకి దిగని చోట కూడా అది దింపేస్తుంది.

భీమిలి నుంచి నా దగ్గరికి వచ్చిన ఒక బండికి వేరే చోట అప్పటికే కొత్త బీసీఎం వేశారు. కొన్నాళ్లు బాగుండి మళ్లీ అదే పాట. చూస్తే ముందు అద్దం ఎడమ మూలలో అంటు పట్టలేదు. నీరు పిల్లర్ లోపల వైర్ల కట్ట పట్టుకుని నడుచుకుంటూ వచ్చి సరిగ్గా బీసీఎం కప్లర్‌లోకి దిగుతోంది. ఆ బండికి అద్దం మళ్లీ అంటించి, కప్లర్లు శుభ్రం చేసి, వైర్ల కట్ట కప్లర్ దగ్గరికి రాకముందే ఒక వంపు కిందికి వేలాడేలా కట్టాను. నీరు వచ్చినా ఆ వంపు దగ్గరే కారిపోతుంది. ఆ వంపు చాలా బళ్లలో కంపెనీ వాళ్లే వదుల్తారు, మ్యూజిక్ సిస్టమ్ పెట్టేవాళ్లు "వైర్లు నీట్‌గా సర్దుదాం" అని లాగి కట్టేస్తారు.

బ్యాటరీ సంగతి. రాత్రికి రాత్రి పడుకుందన్నారు కదా, చిన్న లెక్క చూడండి. మీ సైజు బండికి సాధారణంగా 35 ఆంపియర్-అవర్ బ్యాటరీ వస్తుంది. బండి నిద్రపోయాక లాగాల్సింది 50 మిల్లీయాంపులకి లోపు. పోనీ అరయాంపు లాగుతోందనుకుందాం, పది గంటల్లో 5 ఆంపియర్-అవర్లు. మంచి బ్యాటరీ దీనికి పడుకోదు. అంటే రెండే దారులు: ఏదో రెండు మూడు యాంపులు రాత్రంతా లాగుతోంది, లేదా బ్యాటరీ ముసలిదైపోయింది. సెంట్రల్ లాక్ రాత్రంతా కొట్టుకుంటూ బండిలోని అన్ని మాడ్యూళ్లనీ (బీసీఎం లాంటి కంప్యూటరు పెట్టెలనీ) నిద్ర లేపుతుంటే మొదటిది సాధ్యమే. కానీ బ్యాటరీకి నాలుగేళ్లు దాటితే ముందు దాన్ని లోడ్ టెస్టు చేయించండి. ఇంజిన్ ఆపి కొన్ని గంటలయ్యాక 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, స్టార్ట్ చేశాక చార్జింగ్ 13.8 నుంచి 14.5 మధ్య. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కన్నా కిందికి పడిపోతే బ్యాటరీ మీదే అనుమానం. వోల్టేజి పడిపోయినప్పుడు మాడ్యూళ్లు అర్థం పర్థం లేని తప్పు కోడ్‌లు రాసుకుంటాయి, ఆ కోడ్‌లు చూసి బీసీఎం మార్చేసినవాళ్లు ఉన్నారు.

ఎర్త్. దీని మీద ఎంత చెప్పినా తక్కువే. మల్టీమీటరుని కంటిన్యూటీ బీప్‌లో పెట్టి పీక్ అంటే ఎర్త్ బాగుంది అనేస్తారు. ఒక్క తీగ పోగు మిగిలినా పీక్ అంటుంది. లోడ్ మీద చూడాలి. హెడ్‌లైట్లు, వెనకద్దం హీటరు, ఏసీ ఫ్యాను వేసి ఉంచి, మీటరు నల్ల తీగ బ్యాటరీ నెగెటివ్ మీద, ఎర్ర తీగ బీసీఎం ఎర్త్ పిన్ను మీద పెట్టి డీసీ వోల్టులు చూడండి. 0.1 వోల్టు లోపుంటే బాగున్నట్టు. అరవోల్టు చూపిస్తే దొంగ దొరికినట్టే. ఎర్త్ బోల్టులు ఎక్కువగా కాళ్ల దగ్గర పక్క పలకల వెనక, డోర్ గుమ్మం కింద ఉంటాయి. విప్పి, కింద తుప్పు గీకి, మెరిసే లోహం వచ్చాక బిగించి, పైన గ్రీజు రాయండి. ఇరవై నిమిషాల పని. ఫ్యూజులకీ ఇదే న్యాయం: మీటరు 12 వోల్టులు చూపించినా 21 వాట్ల బల్బు ఒకటి లోడ్‌గా పెట్టి అది నిండుగా వెలుగుతోందా చూడండి.

హ్యాచ్‌బ్యాక్ కాబట్టి ఇంకో చోటు: వెనక డిక్కీ తలుపుకీ బాడీకీ మధ్య వంకీలా ఉండే రబ్బరు గొట్టం. వందల సార్లు తెరిచి మూసి లోపల వైర్లు తెగుతాయి, ఒక్కోసారి పైన తొడుగు బాగానే ఉండి లోపల రాగి తెగుతుంది. డిక్కీ లాక్ స్విచ్ వైరు అలా తగుల్తూ విడుతూ ఉంటే సెంట్రల్ లాక్ అర్ధరాత్రి గోల చేస్తుంది. ముందు డోర్ల రబ్బరు గొట్టాలూ అంతే. డోర్ లాక్ లోపలి చిన్న స్విచ్ పాడైనా ఇదే లక్షణం.

తర్వాత బయట పెట్టించుకున్న సరంజామా. రిమోట్ లాక్, రివర్స్ కెమెరా, డబుల్ హారన్, పొగమంచు లైట్లు. వీటికోసం ఎవరో ఏదో వైరు గీకి టేపు చుట్టి ఉంటారు. ఇక హెడ్‌లైట్లకి 100/90 వాట్ల బల్బులు వేసి ఉంటే ముందు తీసేయండి. హెచ్4 అసలు బల్బు 60/55 వాట్లే. 55 వాట్లకి నాలుగున్నర యాంపుల దగ్గర తీసుకునే లైను మీద తొంభై వాట్లు పెడితే ఏడున్నర యాంపులు. రిలేలు లేకుండా నేరుగా బీసీఎం నుంచే లైట్లు వెలిగే బళ్లలో ఆ భారం దాని లోపలి స్విచ్‌ల మీదే పడుతుంది.

ఇవన్నీ చూశాకే స్కానర్, అంటే మాడ్యూళ్లు రాసుకున్న కోడ్‌లు చదివే పరికరం. ఇక్కడ మామూలు మొబైల్ బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ పనికిరాదు, అది ఎక్కువగా ఇంజిన్ కోడ్‌లే చదువుతుంది. బీసీఎం లోపలికి వెళ్లగలిగే స్కానర్ కావాలి. కంపెనీ సర్వీస్‌లో వాళ్ల సొంత టూల్ ఉంటుంది, బయట లాంచ్, ఆటెల్ లాంటివి చాలామంది దగ్గరున్నాయి. మాడ్యూళ్లన్నీ చదివించండి. యు0140 అనే కోడ్ బీసీఎంతో మాట్లాడలేకపోతున్నామని. ఆ మాట ఇంజిన్, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ అన్నీ చెబుతుంటే బీసీఎంకి కరెంటో, ఎర్తో, నెట్‌వర్కో అందట్లేదు, లేదా అదే పడుకుంది. ఒక్కటే చెబుతుంటే ఆ ఒక్కదాని వైరు చూసుకోవాలి.

తీర్పు చెప్పే పరీక్ష లైవ్ డేటా. పొద్దున్నే, లక్షణాలు ఉన్నప్పుడే చేయాలి. బండిని రాత్రి షాపు దగ్గరే ఉంచేయండి. స్కానర్‌లో బీసీఎం లోపలికొచ్చే స్విచ్‌ల జాబితా తెరిస్తే వైపర్ కాడ ఆఫ్‌లో ఉండగానే "స్లో" అని చూపిస్తోందనుకోండి. బ్యాటరీ తీసి, కాడ దగ్గర కప్లర్ ఊడదీసి, బ్యాటరీ పెట్టి మళ్లీ చూడండి. ఇప్పుడు ఆఫ్ అయితే తప్పు కాడలోనో దాని కప్లర్‌లోనో. ఇంకా స్లో అనే చూపిస్తుంటే ఆ వైరునే బీసీఎం వైపు కప్లర్ దగ్గర వేరు చేసి చూడాలి. అక్కడా అదే చూపిస్తే లోపల తడి చేరింది లేదా లోపలే పోయింది. అవుట్‌పుట్‌కి కూడా ఇలాగే: స్కానర్‌తో ఇండికేటర్ వెలిగించమని ఆజ్ఞ ఇచ్చి బీసీఎం పిన్ను దగ్గర 12 వోల్టులు వస్తోందా చూడాలి. వస్తే తర్వాత వైరు, బల్బు. ఫ్యూజులు, ఎర్త్ బాగుండి కూడా పిన్ను దగ్గర రాకపోతే అప్పుడు బీసీఎం. అంచనా కాగితం రాసిన సర్వీస్ సెంటర్ వాళ్లని మర్యాదగా ఒక్క ప్రశ్న అడగండి: "ఏ ఇన్‌పుట్ తప్పు చూపించింది, ఏ పిన్ను దగ్గర వోల్టేజి రాలేదు?" ఆ రెండు ముక్కలు వాళ్ల జాబ్ కార్డులో లేకపోతే ఆ అంచనాకి తొందరపడక్కర్లేదు.

మాడ్యూళ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే నెట్‌వర్క్ లైను (క్యాన్ అంటారు) కూడా ఒకసారి చూడమనండి. బ్యాటరీ తీసేసి కొంతసేపు ఆగి ఓబీడీ సాకెట్ (స్కానర్ తగిలించే చోటు) 6, 14 పిన్నుల మధ్య ఓమ్స్ చూస్తే 60 దగ్గర రావాలి. క్యాన్ లైను రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లు రెండుంటాయి కాబట్టి ఆ లెక్క. 120 వస్తే ఒక చివర తెగింది, దాదాపు సున్నా వస్తే రెండు తీగలూ కలిసిపోయాయి. ఒక జాగ్రత్త: కొన్ని బళ్లలో ఆ రెసిస్టరు బీసీఎం లోపలే ఉంటుంది, దాన్ని ఊడదీసి 120 వచ్చిందని లైను తెగిందనుకోకూడదు. గేట్‌వే (నెట్‌వర్క్‌ల మధ్య కబుర్లు దాటించే మాడ్యూల్) ఉన్న బళ్లలో ఈ కొలత గేట్‌వే దాకానే చెల్లుతుంది.

సరే, ఇన్ని చూశాక కూడా తప్పు బీసీఎందే అని తేలింది. అప్పుడు కూడా పారేయకండి. విప్పి బోర్డు చూడమనండి. చిలుం కొన్ని పిన్నుల దగ్గరే ఉండి, బోర్డు మీద రాగి దారులు తినేయకపోతే బాగుపడుతుంది. ముందు డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి, ఎందుకంటే ఆల్కహాల్‌లో ఉప్పు సరిగా కరగదు. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తటి బ్రష్ పెట్టి తుడిచి, బాగా ఆరబెట్టి, తెగిన సోల్డర్లు వేసి, పైన తేమ పట్టకుండా పూత వేస్తారు. రిలే ఒకటి అతుక్కుపోయినా మార్చొచ్చు. బియ్యంలో పెట్టడం, హెయిర్ డ్రయర్ కొట్టడం లాంటివి నీటిని ఆరబెడతాయేమో గానీ ఉప్పుని తీయవు. ప్రాసెసర్‌కి దెబ్బ తగిలినా, బోర్డు పొరల లోపలికి చిలుం పోయినా ఆశ వదులుకోవాల్సిందే.

ఆటోనగర్ వాళ్ల రూ.6 వేల పాతదాని సంగతి. ఆయన మోసం చేస్తాడని కాదు, గాజువాక ఆటోనగర్‌లో నాకన్నా బాగా చేసేవాళ్లు ఉన్నారు. చిక్కు ఎక్కడంటే బీసీఎం హెడ్‌లైట్ లాంటిది కాదు. ఒకే మోడల్‌లో బేస్ వేరియంట్‌కి ఒకటి, టాప్ వేరియంట్‌కి ఒకటి ఉంటుంది, బయటికి రెండూ ఒకేలా ఉంటాయి. స్టిక్కర్ మీద పార్ట్ నంబరు చివరి అక్షరంతో సహా కలవాలి. పైగా ఇమ్మొబిలైజర్ బీసీఎంలోనే ఉన్న బళ్లలో పాతది తెచ్చి పెడితే అది వేరే బండి తాళంచెవుల్ని గుర్తుపడుతుంది, మీవాటిని కాదు. లైట్లు వెలుగుతాయి, వైపర్లు తిరుగుతాయి, బండి మాత్రం స్టార్ట్ అవదు. దీనికి రెండు మార్గాలున్నాయి. ఒకటి, కంపెనీ టూల్‌తోనో మంచి స్కానర్‌తోనో బండి సెక్యూరిటీ పిన్ పెట్టి తాళాలు మళ్లీ నేర్పించడం, కొన్ని బ్రాండ్లలో వాడిన బీసీఎంకి ఇది ఒప్పుకోదు. రెండు, మీ పాత బీసీఎంలోని మెమరీ చదివి కొత్తగా తెచ్చినదాంట్లో రాయడం. దీన్ని క్లోనింగ్ అంటారు, మీ పాతదాని మెమరీ చిప్పు బతికుంటేనే కుదురుతుంది. అందుకే పాతదాన్ని ఎక్స్ఛేంజ్ కింద ఇచ్చేయకండి, పని పూర్తయ్యాక కూడా ఇంట్లో దాచుకోండి.

తెచ్చిన పాతదాన్ని మీ ఎదురుగా విప్పించండి. తుపానుల తర్వాత మునిగిన బళ్ల భాగాలు మార్కెట్లోకి వస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి పోయాక ఆ సరుకు చాలాకాలం తిరిగింది. పిన్నుల మొదట్లో చిలుం ఉంటే వద్దనేయండి. బిల్లు లేకుండా తీసుకోవద్దు. నా మటుకు నేను వరస ఇలా పెట్టుకుంటాను: బాగుచేయగలిగితే బాగుచేయించడం, లేదంటే పార్ట్ నంబరు కలిసిన పాతదానికి క్లోనింగ్, అదీ కుదరకపోతే కొత్తది. వారంటీలో ఉన్న బండికి మాత్రం కొత్తదే, కంపెనీలోనే.

మార్చే రోజు పని స్పానరు పని కన్నా కాగితం పని ఎక్కువ. ముందు అన్ని మాడ్యూళ్ల కోడ్‌లు సేవ్ చేయించండి. బీసీఎం కాన్ఫిగరేషన్ పేజీలన్నీ ఫోటో తీయించండి, పాతది మాట్లాడుతుండగానే. రేపు కొత్తదాంట్లో "వెనక వైపర్ ఉందా, ఫాగ్ లైట్లు ఉన్నాయా, డీఫాగర్ (వెనకద్దం హీటరు) ఉందా" అని అడిగితే ఈ ఫోటోలే సమాధానం. కిలోమీటర్ల రీడింగు ఫోటో. రెండు తాళాలూ తీసుకెళ్లండి, ఒక్కటి తీసుకెళ్తే రెండోది పనిచేయకుండా పోవచ్చు. డిక్కీ తెరిచే ఉంచండి, కరెంటు లేనప్పుడు లోపల ఏదైనా మర్చిపోతే తెరవడం తలనొప్పి. బ్యాటరీ నెగెటివ్ తీసి కనీసం మూడు నిమిషాలు ఆగాలి, ఎయిర్‌బ్యాగ్ కెపాసిటర్లు ఖాళీ అవ్వాలి. ఎయిర్‌బ్యాగ్‌వైన పసుప్పచ్చ కప్లర్ల జోలికి వెళ్లొద్దు, వాటికి టెస్ట్ ల్యాంప్ తగిలించే సాహసం అసలు వద్దు. బ్యాటరీ ఉండగా బీసీఎం కప్లర్ ఊడదీయడం చూస్తే అక్కడే ఆపించండి. కప్లర్ల ఫోటోలు తీసి, లివర్ లాకులు మెల్లగా తెరిచి, పిన్నులు వంగకుండా తీయాలి. మిగతాది రెండు మూడు నట్ల పని.

కొత్తది పెట్టాక ప్రోగ్రామింగ్ మొదలుపెట్టేముందు బ్యాటరీకి స్థిరమైన సప్లై తగిలించాలి. ప్రోగ్రామింగ్ మధ్యలో వోల్టేజి పడితే కొత్త మాడ్యూలే చచ్చిపోయే ప్రమాదం ఉంది. పక్క బండి నుంచి జంపర్ వేసి ఇంజిన్ ఆన్‌లో పెట్టడం సప్లై కాదు. కరెంటు పోయే వేళల్లో అయితే షాపులో ఇన్వర్టర్ ఉందో లేదో ముందే అడగండి. ల్యాప్‌టాప్ చార్జింగ్‌లో ఉండాలి, ఆన్‌లైన్ ప్రోగ్రామింగ్ అయితే నెట్ నమ్మకంగా ఉండాలి. ముందు బండి చాసిస్ నంబరు రాయడం, తర్వాత కాన్ఫిగరేషన్, తర్వాత తాళాలు నేర్పడం. చాసిస్ నంబరు కొన్ని మాడ్యూళ్లలో ఒక్కసారే రాయనిస్తుంది, అంకె తప్పు పడితే దిద్దడం కష్టం. ఆర్సీ కార్డు చేతిలో పెట్టుకుని పక్కన కూర్చోండి, మొహమాటపడకండి.

అయ్యాక అన్నీ ఒక్కొక్కటిగా వేసి చూసుకోండి: ఇండికేటర్లు నాలుగు వైపులా, హజార్డ్, బ్రేక్ లైట్లు, వైపర్ ప్రతి స్పీడు, వాషర్, హారన్, ప్రతి డోర్ లాక్, రెండు తాళాలతోనూ స్టార్ట్. ఒక్క నొక్కుతో పైకి పోయే విండో ఉంటే స్విచ్ పైకి పట్టుకుని కొన్ని సెకన్లు ఉంచితే దాని కొలత మళ్లీ నేర్చుకుంటుంది. కోడ్‌లు చెరిపించి, ఒక రౌండు ఎన్ఏడీ జంక్షన్ దాకా తిరిగొచ్చి మళ్లీ చదివించండి. తర్వాత బండి లాక్ చేసి అరగంట ఆగి, క్లాంప్ మీటరుతో బ్యాటరీ లీకు చూడండి. 50 మిల్లీయాంపుల లోపు ఉండాలి. ఆ అరగంట ఆగకుండా చూసి "లీకు ఉంది" అని మళ్లీ డబ్బులడిగేవాళ్లు ఉంటారు. మాడ్యూళ్లు నిద్రపోవడానికి ఆమాత్రం సమయం పడుతుంది.

ఇన్సూరెన్స్ వస్తుందా అని చివర్లో అడిగారు. సొంత నష్టానికి కవర్ ఉన్న పాలసీలో వరద, తుపాను నష్టం చేరి ఉంటుంది, ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్, అరుగుదల మాత్రం ఉండవు. ఆకులు అడ్డుపడి లోపలికి కారిన నీరంటే కంపెనీవాళ్లు రెండో గాటనే కట్టే అవకాశం ఎక్కువ. వీధిలో నీళ్లు నిలిచి బండిలోకి వచ్చి ఉంటే దారి వేరు: అప్పుడు ఏదీ విప్పకముందే క్లెయిం చెప్పి, సర్వేయర్ చూసేదాకా బండి ముట్టుకోనివ్వకండి, తడిసిన కార్పెట్ తేదీతో ఫోటో తీసుకోండి. జీరో డిప్ (తరుగు కోయకుండా ఇచ్చే అదనపు కవర్) లేకపోతే 5 ఏళ్లు దాటి 10 లోపున్న బండి భాగాలకి 40 శాతం తరుగు పోతుంది, రబ్బరు, ప్లాస్టిక్, బ్యాటరీకి 50 శాతం. వీటి మీద తప్పనిసరి కోత ఒకటి ఉంటుంది. నో క్లెయిం బోనస్ ఎంత పోతుందో కూడా కలిపి లెక్కేసుకుని, కడిగి బాగుచేసే పనితో సరిపోయేలా ఉంటే క్లెయిం జోలికి వెళ్లకండి.